గెలిచినోని బండికి నలభై కిలోలు

కొంచెం పొడుగు పోస్టు. డ్యూటీల ఉన్నోళ్లు రాత్రి రూముకు వచ్చినంక చదువుకోండి.

పోయిన వారం గ్రాన్ టూరిస్మో ఆట గురించి నాలుగు లైన్లు రాస్తే కింద కామెంట్లల్ల అందరిదీ ఒక్కటే ప్రశ్న. "అన్నా, జపాన్ రేస్ కార్లల్ల ఏది ఫాస్టు? ఎన్‌ఎస్‌ఎక్సా, స్కైలైనా, సుప్రానా?" ఒకరిద్దరు అప్పుడే కొట్లాట కూడా మొదలుపెట్టిన్రు. ఈ కొట్లాట నాకు కొత్త కాదు. 2011ల షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల మా రూం ఇదే ప్రశ్న మీద రెండు ముక్కలైంది. ఎనిమిది మంచాల రూంల ఇద్దరు మనుషులు నెల రోజులు మాట్లాడుకోలేదు. అందుకే ఒక్క మాటల జవాబు చెప్పబుద్ధి కాలేదు.

ముందుగాల బండ్ల సంగతి. జపాన్‌ల 1993ల ఆల్ జపాన్ గ్రాండ్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ మొదలైంది. జేజీటీసీ అంటరు. 2005 నుంచి దాని పేరు సూపర్ జీటీ. అందుల పెద్ద క్లాసు జీటీ500, చిన్న క్లాసు జీటీ300. ఆ నంబర్లు మొదట్ల ఇంజిన్ తాకతుకు గుర్తు, సుమారు 500 హార్స్‌పవర్, సుమారు 300 హార్స్‌పవర్ అని. ఇంజిన్‌కు గాలి పోయే దారిల రిస్ట్రిక్టర్ అని ఒక ఇరుకు మూతి పెడతరు. నువ్వు ఎంత పెద్ద టర్బో పెట్టుకున్నా లోపలికి పోయే గాలి అంతే, కాబట్టి వచ్చే బలం కూడా అంతే. అంటే పేపరు మీద ముగ్గురూ సుమారు సమానం. కొట్లాటంతా పేపరు కింద ఉన్నది.

నిస్సాన్ వాళ్ల స్కైలైన్ జీటీ-ఆర్ తీసుకోండి. రోడ్డు మీద తిరిగే స్కైలైన్ నాలుగు చక్రాలకూ బలం పంపే బండి. జీటీ500 స్కైలైన్ మాత్రం వెనక చక్రాలే తిప్పుతది. ముందట ఆర్‌బీ26 ఇంజిన్, 2,568 సీసీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసల, ఇనుప బ్లాకు. పొడుగు ఇంజిన్, బరువు ఇంజిన్. 2002ల సీజన్ నడుమనే దాన్ని తీసి వీ6 పెట్టుకున్నరు, ఆ ముక్కు బరువు వాళ్లకూ తలనొప్పే అన్నట్టు.

సుప్రా సంగతి చెప్తే చానమందికి గుండె పగుల్తది. మన పోరగాళ్లు సుప్రా అంటే టూజేజెడ్ ఇంజిన్ అని స్టిక్కర్లు కూడా అతికిచ్చుకుంటరు. రోడ్డు సుప్రాల అదే ఉన్నది, నిజమే. కానీ ఆ పేరుమోసిన కాస్ట్రాల్ టామ్స్ సుప్రా, 1997ల పెద్రో దె లా రోసా, మైకేల్ క్రుమ్ కలిసి చాంపియన్ చేసిన బండి, దాంట్ల టూజేజెడ్ లేదు. త్రీఎస్-జీటీఈ అని నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల టర్బో పెట్టిన్రు. ఎందుకు? చిన్నగుంటది, తేలిగ్గుంటది, వెనక్కి జరిపి పెట్టుకోవచ్చు. గాలికి ఎట్లాగూ హద్దు ఉన్నప్పుడు ముక్కు మీద ఇంత ఇనుము ఎందుకు మొయ్యాలె అని.

హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ ఈ ఇద్దరికీ వేరే జాతి. ఇంజిన్ డ్రైవర్ వీపు వెనక ఉంటది. టర్బో లేని వీ6. పైకి తిప్పితేనే బలం ఇస్తది, కానీ కాలు తొక్కినప్పుడే ఇస్తది, టర్బో లెక్క ఆలోచించుకొని ఇయ్యదు.

ఇంజిన్ ఎక్కడుంటే ఏమైతది అనేది ఎడ్లబండి తోలినోనికి చెప్పనక్కర లేదు. ముందట బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద పడ్తది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తది. కారుల కూడా అంతే. స్కైలైన్ మూలమలుపుల ముక్కు బయటికి తోసుకపోతది. స్టీరింగ్ తిప్పినా నీ మాట వెంటనే వినదు, కానీ వెనక తోక మాత్రం సప్పుడు చెయ్యదు. ఎన్‌ఎస్‌ఎక్స్ బరువు నడుమల ఉన్నది కాబట్టి అనంగనే తిరుగుతది. బ్రేకు వేసినప్పుడు వెనక టైర్లు కూడా మంచిగ పని చేస్తయి, బయటికి వచ్చేటప్పుడు పట్టు ఉంటది. అయితే మలుపు నడుమల భయపడి యాక్సిలేటర్ మీద కాలు తీసినవా, తోక ముందుకొస్తది. సుప్రా ఈ రెండిటి నడుమ. బ్రేకుల నమ్మకస్తురాలు. టర్బో అందుకునే దాకా మాత్రం ఓపిక పట్టాలె.

ఇగ రూం ముచ్చట.

నేను అప్పుడు ఒక టైర్ల షాపుల వీల్ అలైన్‌మెంట్ చేసేటోన్ని. రోలాల సెకండ్ హ్యాండ్ షాపుల ప్లేస్టేషన్ 2, గ్రాన్ టూరిస్మో 4 సీడీ కొన్నం, ఆరుగురం పైసలు ఏసుకొని. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తే వచ్చిన పాత టీవీ. బేస్తారం రాత్రి ఆట, శుక్రారం సెలవు. మొదట్ల ఓడినోడు చాయ్ తాపాలె అని ఉండె. తర్వాత బిర్యానీ అయింది. ఆ తర్వాత మనిషికి యాభై దిర్హాంలు. ఆరుగురివి మూడు వందలు. హెల్పర్ జీతం తొమ్మిది వందలున్న రోజులల్ల మూడు వందలంటే ఆట కాదు. ఇంటికి పంపే పైసల నుంచి తీసినవి.

కడప తమ్ముడు ఒకడుండె, ఇరవై మూడేండ్లు, మొబైల్ షాపుల పని. వాడు తకాటా డోమ్ ఎన్‌ఎస్‌ఎక్స్ పట్టుకుంటే ఇంకెవ్వరికీ దొరకడు. నిజామాబాద్ పెద్దన్న ట్రైలర్ డ్రైవర్, యాభై దాటినయి, జెబెల్ అలీ నుంచి రోజూ కంటైనర్లు గుంజేటోడు. ఆయనకు నీలం రంగు కాల్సోనిక్ స్కైలైన్ అంటే ఇష్టం. మలయాళీ చేట్టన్ ఒకాయన, ఏయూ సెరుమో సుప్రా. చప్పుడు చెయ్యకుండ ఎప్పుడూ రెండో నంబరు వచ్చేటోడు.

నాలుగు వారాలు వరుసగ తమ్ముడే గెలిచిండు. పెద్దన్న అయిదో వారం కంట్రోలర్ కింద పెట్టి, "గిది ఆటనా, మోసమా? వాని బండికి దొంగ ఇంజినున్నది" అన్నడు. వాడు ఊకోవద్దా? "బండి బాగలేదా నా, బొటనవేలు బాగలేదా?" అన్నడు. ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టినోన్ని పట్టుకొని అనే మాటనా అది. పెద్దన్న ఆ రోజు నుంచి వాని పేరు ఎత్తలేదు. రూంల వంట చేసేది ఆయనే. వాని ప్లేటుల కూర ఏసుడు బంద్ చేసిండు. వాడు హోటల్ల తినుడు మొదలుపెట్టిండు. ఆటకు పెట్టిన పైసలకన్న ఆ హోటల్ పైసలే ఎక్కువైనయి పాపం.

అలైన్‌మెంట్ చేసేటోన్నని నన్ను నడుమల కూసోబెట్టిన్రు, తీర్పు చెప్పమని. నేను ఒక షరతు పెట్టిన. ముగ్గురు డ్రైవర్లు, మూడు బండ్లూ నడపాలె. ఒక్కో బండిల అయిదు రౌండ్లు. సుజుకా, ఫూజీ, సుకుబా, మూడు ట్రాకులు. మూడు శుక్రారాలు పట్టింది. షాపు డైరీల రాసిపెట్టిన.

తేలింది ఏందంటే, ఎన్‌ఎస్‌ఎక్స్ ఫాస్టే. తమ్ముని చేతుల ఉన్నప్పుడు. సుజుకా మొదట్ల పాము లెక్క వంకరలు ఉంటయి, ఎస్ కర్వ్‌లు అంటరు, అక్కడనే వాడు తీస్కపోయేటోడు. అదే ఎన్‌ఎస్‌ఎక్స్ పెద్దన్న చేతుల మూడిట్ల అన్నిటికంటె స్లో బండి. స్కైలైన్‌ల ఆయనకూ తమ్మునికీ తేడా చాన తక్కువ. ఫూజీల కిలోమీటరున్నర సీదా రోడ్డున్నది, అక్కడ ముగ్గురి బండ్లూ సుమారు ఒక్కటే ఉరుకుడు. ఆ సీదా అయిపోయినంక ఇరుకు మలుపు వస్తది, అక్కడ బ్రేకుల చేట్టన్ సుప్రా మంచిగుండె. సుకుబా చిన్న ట్రాకు, రెండు కిలోమీటర్లు, అన్నీ వెనక్కి మళ్లే మలుపులే. అక్కడ స్కైలైన్ ముక్కు తోసుకపోవుడు చూస్తే నాకే బాధయ్యేది.

పెద్దన్న ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపేటప్పుడు నేను టీవీ చూడలేదు, ఆయన వేలు చూసిన. ప్లేస్టేషన్ 2 కంట్రోలర్ బటన్లు ఎంత గట్టిగ ఒత్తితే అంత తీసుకుంటయి. సగం ఒత్తితే సగం యాక్సిలేటర్. తమ్ముడు ఫోన్లు విప్పే వేళ్లతోని సగం, పావు, ముప్పావు అన్నట్టు ఒత్తుతడు. పెద్దన్న బొటనవేలికి కాయ కాసింది. ఒత్తితే పూర్తిగ, తీస్తే పూర్తిగ. పైగా ట్రైలర్ అలవాటు. మలుపుల అనుమానమొస్తే కాలు తీసుడే ట్రైలర్ డ్రైవర్ ధర్మం, అదే ఆయన్ని ముప్పై ఏండ్లు బతికిచ్చింది. ఎన్‌ఎస్‌ఎక్స్‌ల అదే తోక తిప్పుతది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూసిన. ఆటల మా బండ్ల పేర్ల పక్కన సంవత్సరం ఉంటది. తమ్ముని ఎన్‌ఎస్‌ఎక్స్ 2003ది. పెద్దన్న స్కైలైన్ 2000ది. చేట్టన్ సుప్రా 2001ది, ఆ యేడు నిజంగ చాంపియన్ అయిన బండి. ఆ మూడేండ్లల్ల నిబంధనలు మారినయి, బాడీలు మారినయి. 2003 ఎన్‌ఎస్‌ఎక్స్, 2000 స్కైలైన్ నిజం ట్రాకు మీద ఎన్నడూ ఎదురుపడలేదు. ఆట వాళ్లను ఒకే గీత మీద నిలబెట్టింది. అంటే పెద్దన్న అన్న "మోసం"ల కొంత నిజమున్నది, ఆయన అనుకున్న చోట కాకపోయినా. ఇంకో విచిత్రం, 2003 టైటిల్ ఎన్‌ఎస్‌ఎక్స్‌కు రాలేదు. అప్పటికి ముసలిదైపోయిన ఆర్34 స్కైలైనే గెలిచింది, మోటోయామా, క్రుమ్ నడిపిన శానవి నిస్మో బండి. మరుసటేడు దాన్ని తీసేసి ఫెయిర్‌లేడీ జెడ్ తెచ్చిన్రు.

అసలు 1998 నుంచి చూడండి. 98, 99 స్కైలైన్. 2000ల ఎన్‌ఎస్‌ఎక్స్. 2001, 2002 సుప్రా. 2003 మళ్ల స్కైలైన్. మూడు కంపెనీలు వంతులు ఏసుకున్నట్టు లేదా? దానికి కారణం మా షాపుకు స్కైలైన్ తెచ్చే ఒక అరబ్బు పిల్లగాడు చెప్పిండు. అలైన్‌మెంట్ అయ్యే దాకా కూసోని ముచ్చట పెట్టేటోడు. గెలిచినోని బండికి వచ్చే రేసుల బరువు కడ్తరట. సూపర్ జీటీల లెక్క పాయింటుకు రెండు కిలోలు. గెలిస్తే ఇరవై పాయింట్లు, అంటే నలభై కిలోలు. పదకొండు వందల కిలోల చుట్టుపక్కల ఉండే బండికి నలభై అంటే తక్కువ కాదు. రెండుసార్లు గెలిస్తే ఒక మనిషిని ఎక్కిచ్చుకొని నడిపినట్టు. సీజన్ చివరికి ఒక రేసు ముందు సగానికి తగ్గిస్తరు. ఆఖరు రేసుల మొత్తం దించేస్తరు. ఆ రోజు అందరూ ఉత్త బండ్లతోని కొట్లాడాలె.

ఈ మాట నాకు మస్తు నచ్చింది. రూంల చెప్పిన. గ్రాన్ టూరిస్మో 4ల బ్యాలస్ట్ అని ఉంటది, రెండు వందల కిలోల దాకా బరువు పెట్టుకోవచ్చు, ముందుకా వెనక్కా అనేది కూడా మనమే జరుపుకోవచ్చు. ఎనిమిది బేస్తారాలు, జపాన్ పాయింట్లు, జపాన్ బరువులు. పైసలు వారం వారం పంచుడు బంద్, యాభై ఒక్కసారే పెట్టాలె, ఆఖర్ల ఒక్కనికే. పెద్దన్న "బరువు నేను రోజూ మోస్తనే ఉన్న" అన్నడు గని ఒప్పుకున్నడు. తమ్ముడు నవ్విండు.

మూడో వారానికి వాని నవ్వు తగ్గింది. ఎన్‌ఎస్‌ఎక్స్ బ్రేకు ముందు ఏసేకాడ ఆగుతలేదు, సీదా రోడ్డు మీద చేట్టన్ పక్కకొస్తున్నడు. వాడు తెలివిగల్లోడు. నాలుగో వారం బరువంతా ముక్కు దిక్కు జరిపిండు. తోక తిరుగుడు తగ్గింది, బండి నెమ్మదస్తురాలైంది. శిక్ష కింద పెట్టిన బరువును మందు కింద వాడుకున్నడు. అది చూసి పెద్దన్న నన్ను పక్కకు పిలిచి, "నాది వెనకకు జరుపొచ్చునా?" అన్నడు. ఆయనకు అప్పటికి ఇరవై రెండు కిలోలే ఉన్నయి, ఒకసారి మూడో నంబరు వచ్చినందుకు. డిక్కీ దిక్కు జరిపినం. ఇరవై రెండు కిలోలతోని స్కైలైన్ ముక్కు తేలికైపోదు, కానీ వెనక టైర్ల మీద కొంచెం బరువు పడి బయటికి వచ్చేటప్పుడు పట్టు వచ్చింది. ఆయిన కంటైనర్ల బరువు సర్దే మనిషి. ఆ సంగతి ఆటల కూడా ఉంటదని తెల్వక ఇన్నాళ్లు తిట్టిండు. అయిదో వారం సుకుబాల కాదు గని ఫూజీల మొదటిసారి గెలిచిండు. ఆ రాత్రి తమ్ముని ప్లేటుల కూర పడ్డది. ఎవరూ ఏం అనలేదు.

ఇప్పుడు గ్రాన్ టూరిస్మో 7ల బీఓపీ అని ఉన్నది. బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. ఆన్‌లైన్ రేసుల ఒక్కో బండికి బలం ఇంత, బరువు ఇంత అని కంపెనీయే సర్దుతది, మనం చెయ్యి పెట్టే పని లేదు. జీఆర్.3 క్లాసుల జీటీ-ఆర్ నిస్మో జీటీ3, ఎన్‌ఎస్‌ఎక్స్, జీఆర్ సుప్రా, ఆర్‌సీ ఎఫ్, మజ్దా ఆర్ఎక్స్-విజన్ జీటీ3 అన్నీ ఒక్క రాశిల పోస్తరు. మంచిదే, లేకుంటే అందరూ ఒక్కటే బండి పట్టుకుంటరు. కానీ నాకు జపాన్ పద్ధతే ఎక్కువ ఇష్టం. బీఓపీ బండిని తూస్తది. జపాన్ బరువు గెలుపును తూస్తది, బండీ డ్రైవరూ ఇద్దరినీ కలిపి. ఒక్క నంబరుతోని ముక్కు బరువు, నడుమ బరువు సమానం చెయ్యలేం. రౌండు టైము సమానం చేస్తరు, ఆ టైము ఎవరి వేలికి దొరుకుతదనేది సమానం కాదు. కొన్ని వారాలకొకసారి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా "నా బండిని చంపిన్రు" అని ఏడ్చేటోళ్లు ముందుగాల వేరే ట్రాకుల నడిపి చూడండి. బండి చావలేదు, ఆ ట్రాకుకు పనికి రాదు, గంతే.

నిజం రేసులల్ల కూడ తేడాలు తుడిచెయ్యాలని చాన చేసిన్రు. 2014ల జీటీ500కు అందరికీ రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్లే అన్నరు, నడుమ ఉండే కార్బన్ తొట్టి అందరికీ ఒక్కటే. హోండా మాత్రం ఇంజిన్ వెనకనే పెట్టుకొని 2019 దాకా నడిచింది. 2020ల దాన్ని కూడా ముందటికి తెచ్చిన్రు. అంటే పేరుకే ఎన్‌ఎస్‌ఎక్స్, ఎన్‌ఎస్‌ఎక్స్‌కు ప్రాణమైన సంగతే పోయింది. సరే, అన్నీ సమానమైనయి గద, తేడా పోయిందా? ఆ యేడు ఆఖరు రేసు ఫూజీల. ఎవరికీ బరువుల్లేవు. ఆఖరు రౌండుల ఆఖరు మలుపు దాటి, జెండా కండ్ల ముందు కనబడంగ, ముందున్న కీపర్ టామ్స్ సుప్రాకు పెట్రోలు అయిపోయింది. వెనక నుంచి రేబ్రిగ్ ఎన్‌ఎస్‌ఎక్స్ దాటిపోయి రేసూ టైటిలూ రెండూ తీస్కపోయింది. వీడియో చూడనోళ్లు చూడండి. నేను ఇప్పటికి పదిసార్లు చూసిన, ప్రతిసారి సుప్రా డ్రైవర్ మీదనే కండ్లు పోతయి.

మా ఆఖరు బేస్తారం సుజుకా. బరువులు దించేసినం. తమ్ముడు పాయింట్లల్ల ముందున్నడు, పెద్దన్న రెండు, చేట్టన్ మూడు. తమ్మునికి ఎన్‌ఎస్‌ఎక్స్ మళ్ల ఖాళీగ దొరికేసరికి అలవాటు తప్పింది. నాలుగు వారాలు బరువు ముక్కుతోని నడిపినోడు, ఎస్ కర్వ్‌ల కాడ రెండుసార్లు గడ్డిల పడ్డడు. పెద్దన్న ఆయనపాటికి ఆయన లారీ లెక్క ముందుగాల బ్రేకేసి, సీదాగ బయటికొచ్చి, ఒక్కసారి కూడా ట్రాకు దాటలేదు. ఆ రాత్రి గెలిచింది మాత్రం చేట్టన్. సుప్రా గురించి ఎవ్వరం మాట్లాడలేదు ఎనిమిది వారాలు. పెద్దన్న రెండో నంబరు, తమ్ముడు మూడు. మొత్తం లెక్కల తమ్ముడే, కొన్ని పాయింట్ల తేడాతోని.

మూడు వందలు వాని చేతుల పెట్టినం. శుక్రారం పొద్దుగాల లేచి మటన్ తెచ్చిండు, పెద్దన్న వండిండు. తిన్నంక పెద్దన్న కంట్రోలర్ పట్టుకొని, "నీ ఎన్‌ఎస్‌ఎక్స్ పెట్టు రా, ఆ సగం ఒత్తుడు చూపియ్యి" అన్నడు. తమ్ముడు పక్కన కూసోని ఆయన బొటనవేలు మీద తన వేలు పెట్టి ఒత్తి చూపిచ్చిండు. ఎస్ కర్వ్‌ల కాడ మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి తిరగలేదు.